హీలియం నిజంగా గుంటూరులోనే దొరికిందా? సైన్సు చరిత్రకీ సైన్సు తత్వానికీ ఉన్న లంకె గురించి

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు ఫిజిక్స్‌లో ఎం.ఎస్సీ. చేశారు. సైన్సు చరిత్ర అంటే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న లెక్క అనీ, సైన్సు తత్వం అంటే రుజువంటే ఏమిటి, ఒక సిద్ధాంతాన్ని ఎప్పుడు నమ్మాలి అన్న వాదన అనీ మీ అభిప్రాయం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ఒకే డిపార్ట్‌మెంటులో ఎందుకు పెడతారు, ఒకటి చదివి రెండోది వదిలేస్తే నష్టమేమిటి అన్నది మీ సందేహం.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. ఆఖరి కొన్నేళ్ళు ఈ రెండూ కలిసిన ఒక చిన్న పేపరు కూడా నా నెత్తిన పడింది. ఎవరూ ముందుకు రాకపోతే నాకు అంటగట్టారు. నిర్వచనాలతో మొదలుపెడితే పిల్లలు రెండో బెంచీ నుంచే తలలు వాల్చేస్తారని మొదటి ఏడే తెలిసొచ్చింది. అందుకని ఇక్కడా నిర్వచనాల జోలికి పోను. నేను చాలా ఏళ్ళు తప్పుగా చెప్పిన ఒక కథ చెబుతాను.

మాది గుంటూరు ప్రాంతం. ఆగస్టు 18 వచ్చిందంటే క్లాసులో ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి: "1868లో ఇదే రోజున జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం చూస్తూ హీలియం కనిపెట్టాడు." పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఒక ఏడు వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది: "ఆయన వాయువుని సీసాలో పట్టాడా సార్?" లేదమ్మా, స్పెక్ట్రోస్కోపులో (వెలుగుని రంగులుగా విడదీసి చూపించే పనిముట్టు) ఒక పసుపు గీత చూశాడు అన్నాను. "గీత చూస్తే అది కొత్త మూలకమని ఆయనకెలా తెలిసింది?" నా దగ్గర జవాబు లేదు. చెబుతా కూర్చో అన్నాను. ఆ జవాబు కోసం వెతకడం మొదలుపెట్టాకే, మీరు రెండు సబ్జెక్టులంటున్న వాటిని విడదీయడం ఎంత కష్టమో నాకు అర్థమైంది.

ముందు జరిగిందేమిటో చూద్దాం. ఆ రోజు చంద్రుడి నీడ జమఖండి, బీజాపూర్ వైపు నుంచి గుంటూరు, మచిలీపట్నం మీదుగా వచ్చి, బంగాళాఖాతం దాటి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) దాకా పోయింది. (సయాం రాజు మోంగ్‌కుట్ ఈ గ్రహణాన్ని తానే లెక్కగట్టి, అతిథుల్ని పిలిచి మరీ చూశాడు. అక్కడే మలేరియా తగిలి అక్టోబరు 1న చనిపోయాడు. హీలియం కథల్లో ఎవరూ ఆయన్ని తలుచుకోరు.) గుంటూరులో జూల్ జాన్సెన్ ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో మకాం పెట్టాడు. బ్రిటిష్ వాళ్ళ తరఫున మేజర్ టెనంట్ కూడా గుంటూరులోనే ఉన్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో, లెఫ్టినెంట్ హెర్షెల్ జమఖండిలో, ఫ్రెంచివాడే అయిన రాయే సయాం వైపున ఉన్నారు.

వీళ్ళందరి ముందూ ఉన్న ప్రశ్న హీలియం కాదు. గ్రహణం వేళ సూర్యుడి అంచున ఎర్రగా లేచే జ్వాలలు దేనితో అయ్యాయన్నది ప్రశ్న. 1859–60లో కిర్కాఫ్, బున్సెన్‌లు ప్రతి మూలకానికీ దాని వర్ణపట గీతలు వేలిముద్రల్లాంటివని చూపించారు. ఆ పనిముట్టుని సౌరజ్వాలల మీదికి తిప్పిన మొదటి గ్రహణం ఇది. అందరికీ ఒకటే జవాబు దొరికింది: మెరిసే గీతలు కనిపిస్తున్నాయి కాబట్టి జ్వాలలు వేడి వాయువు, ఎర్ర గీత, నీలపు గీత హైడ్రోజన్‌వి.

జాన్సెన్ గొప్పతనం ఇంకోచోట ఉంది. గీతలు అంత దేదీప్యంగా ఉండటం చూసి, ఇవి గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అనుకున్నాడు. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు ఎండలో సూర్యుడి అంచు మీదికి స్పెక్ట్రోస్కోపు పెట్టి వాటిని చూశాడు. కిటుకు సులువే. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి పట్టకం దాన్ని పొడుగ్గా పరిచి పలచన చేస్తుంది. జ్వాలల వెలుగు కొద్ది గీతల్లోనే ఉంటుంది కాబట్టి పలచబడదు. అంతవరకూ ఏళ్ళకోసారి, కొద్ది నిమిషాలు మాత్రమే దొరికే దృశ్యం అప్పటినుంచి ఎండ ఉన్న ప్రతి రోజూ దొరికింది. ఈ సంగతి రాస్తూ సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ప్యారిస్‌కి ఉత్తరం పంపాడు.

అటు ఇంగ్లండులో యుద్ధ శాఖలో గుమాస్తాగా ఉంటూ సరదాకి ఖగోళం చూసే నార్మన్ లాకియర్‌కి ఇదే ఆలోచన రెండేళ్ళ ముందే వచ్చింది గానీ చేతికి పనిముట్టు రాలేదు. అది వచ్చిన వెంటనే, అక్టోబరు 20న, గ్రహణంతో పనిలేకుండా జ్వాలల గీతలు చూశాడు. ఇద్దరి వార్తలూ అక్టోబరు 26న ఫ్రెంచి సైన్సు అకాడమీ ఒకే సమావేశంలో చేరాయి. 1872లో ఇద్దరి ముఖాలతో ఫ్రాన్సు ఒక పతకం పోసింది. నేను హీలియం పతకం అని క్లాసులో చెప్పింది దీని గురించే. అది సౌరజ్వాలల్ని విశ్లేషించినందుకు ఇచ్చింది. హీలియంకీ దానికీ సంబంధం లేదు.

మరి ఆ పసుపు గీత? అందరూ చూశారు. జాన్సెన్ కూడా తన వివరణలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా గీతలు చూశానని రాశాడు. కానీ పసుపు గీత కొత్తదని వాదించలేదు. టెనంట్, రాయేలు అది డి గీతే అన్నారు, అంటే సోడియంది. పాగ్సన్ డి దగ్గరో దాని పక్కనో అన్నట్టు రాశాడు. ఇంచుమించు అందరూ ఉప్పులో ఉండే సోడియమే అనుకుని వదిలేశారు.

ఎందుకు వదిలేశారన్నది ముఖ్యం. ఆ రోజుల్లో స్పెక్ట్రోస్కోపు ముట్టుకున్న ఎవరికైనా పసుపు గీత అంటే విసుగు. మిల్లీగ్రాములో ముప్పై లక్షలో వంతు సోడియం ఉన్నా ఆ గీత వస్తుందని బున్సెన్, కిర్కాఫ్‌లే చెప్పారు. గాల్లో దుమ్ము లేచినా, చెయ్యి చెమర్చినా వచ్చేస్తుంది. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే, మన గీత 587.6 దగ్గర ఉంది. ఆ కాస్త తేడాని గ్రహణం దొరికిన ఆ కొద్ది నిమిషాల్లో, చీకట్లో, చేతులు వణుకుతుండగా కొలవాలంటే ముందు కొలవాలన్న అనుమానమైనా ఉండాలి. ఆ అనుమానానికి వాళ్ళకి కారణం లేదు.

అక్టోబరులో తీరిగ్గా కూర్చుని కొలిచిన లాకియర్‌కి ఈ గీత సోడియం గీతలతో కలవడం లేదని తేలింది. దానికి డి-3 అని పేరొచ్చింది. రసాయనశాస్త్రవేత్త ఫ్రాంక్‌లండ్‌తో కలిసి, హైడ్రోజన్ ఒత్తిడీ వేడీ మార్చి చూస్తే ఈ గీత వస్తుందేమోనని లాకియర్ లాబులో ప్రయత్నించాడు. రాలేదు. 1871లో ఎడిన్‌బరోలో బ్రిటిష్ అసోసియేషన్ సభలో విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్) తన అధ్యక్షోపన్యాసంలో, ఈ గీత కొత్త పదార్థాన్ని సూచిస్తోందని, దానికి వీళ్ళిద్దరూ హీలియం అని పేరు పెట్టదలిచారని చెప్పాడు. తమాషా ఏమిటంటే ఫ్రాంక్‌లండ్‌కి ఆ నమ్మకం లేదు. హైడ్రోజన్‌తో చేయగలిగిన ప్రయత్నాలన్నీ అయిపోయాకే కొత్త మూలకం మాట ఎత్తాలన్నది ఆయన పట్టు. పేరుపెట్టిన తండ్రుల్లో ఒకాయన బిడ్డ తనది కాదంటున్నాడన్నమాట.

ఇంకా ఉంది. 1890 ప్రాంతంలో అమెరికాలో హిల్లెబ్రాండ్ అనే రసాయనవేత్త యురేనియం ఖనిజాల నుంచి ఒక వాయువు తీశాడు. నైట్రోజన్ అనుకున్నాడు. వర్ణపటంలో తెలియని గీతలు కొన్ని కనిపించినా వాటి వెంట పోలేదని తర్వాత తానే ఒప్పుకున్నాడు. 1895 మార్చిలో విలియం రామ్సే ఆర్గాన్ కోసం వెతుకుతూ క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంలో వేసి అదే వాయువుని పట్టాడు. పసుపు గీత కనిపించింది, సోడియంతో కలవలేదు. వర్ణపటాలు కొలవడంలో దిట్ట అయిన క్రూక్స్‌కి ఆ వాయువు నింపిన గొట్టం పంపితే అది సూర్యుడిలోని డి-3యే అని ఆయన ఖాయం చేశాడు.

ఇప్పుడు వెనక బెంచీ అమ్మాయికి ఏం చెబుదాం? హీలియం ఎవరు కనిపెట్టారు?

ఇది చరిత్ర ప్రశ్నలా కనిపిస్తుంది. తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి, కాగితాలున్నాయి, ఏ వివరం మీదా పెద్ద తగాదా లేదు. అయినా జవాబు రావడం లేదు. కనిపెట్టడమంటే కంటితో చూడటం అయితే జాన్సెన్, టెనంట్, పాగ్సన్, రాయే, హెర్షెల్ అందరికీ వాటా ఉంది. తెలిసినదాంతో కలవడం లేదని గుర్తించడం అయితే లాకియర్. ఇది ఫలానా అని నమ్మి చెప్పడం అయితే లాకియర్‌కి సగం, ఫ్రాంక్‌లండ్‌కి సున్నా. చేతిలో పట్టుకోవడం అయితే హిల్లెబ్రాండ్. పట్టుకుని, అదేమిటో తెలుసుకోవడం అయితే రామ్సే. "కనిపెట్టడం" అన్న మాటకి అర్థమేమిటో తేల్చుకోకుండా ఎన్ని పాత కాగితాలు తిరగేసినా లాభం లేదు. ఆ తేల్చుకోవడం తత్వం పని. చరిత్రకారుడు ఆ పని చేయనంటే అది ఆగదు, ఆలోచించకుండా జరిగిపోతుంది. నేను గుంటూరు కథ చెప్పిన ప్రతిసారీ "కనిపెట్టడమంటే కంటపడటమే" అన్న తత్వాన్ని నాకు తెలియకుండానే పిల్లలకి నూరిపోశాను. మంచి తత్వం కాదది. దాని ప్రకారం మూత తీసి వాసన చూసిన ప్రతివాడూ వంట చేసినట్టే.

థామస్ కూన్ 1962లో ఆక్సిజన్ కథ పట్టుకుని ఇదే ముడి విప్పాడు. ప్రీస్ట్లీ వాయువుని తీశాడు గానీ ఫ్లొజిస్టన్ (వస్తువు మండితే దాన్నుంచి బయటికి పోతుందని అప్పట్లో ఊహించిన పదార్థం) పోయిన గాలి అనుకున్నాడు. లావోయిజె అదేమిటో చెప్పాడు గానీ ఆయన చెప్పినదాంట్లోనూ కొంత తర్వాత నిలవలేదు. ఏదో ఉందని తెలియడం, అదేమిటో తెలియడం రెండూ కలిస్తేనే ఆవిష్కరణ అవుతుంది కాబట్టి, దానికి ఒక ముహూర్తం, ఒక మనిషి ఉండాలని పట్టుబట్టడమే పొరపాటు అన్నాడు. ఫిజిక్స్‌లో పిహెచ్.డి. చేసినవాడు చరిత్రలోకి వచ్చి, చరిత్ర చదువుతూ తత్వంలో చిక్కుకున్నాడు. మీకు దారి చూపగల మనిషే.

హీలియం విషయంలో 1895 కూడా ముహూర్తం కాదని చెప్పడానికి ఇంకో ముక్క. ఆ ఏడే జర్మన్ శాస్త్రవేత్తలు రుంగే, పాషెన్ క్లీవైట్ వాయువు గీత నిజానికి జంట గీత అని చూపించారు. సూర్యుడిలోది జంటగా అంతవరకూ ఎవరికీ కనిపించలేదు. అంటే రెండూ ఒకటి కాదా? కొద్ది నెలలు గుంజాటన. ఖగోళ శాస్త్రవేత్తలు హగ్గిన్స్, హేల్‌లు జాగ్రత్తగా చూసి సూర్యుడిదీ జంటే అన్నాక ఊపిరి పీల్చుకున్నారు. అప్పటికీ గీతలు రెండు వేరువేరు వరసల్లో పడుతుండటంతో ఇందులో రెండు మూలకాలున్నాయేమోనని రుంగే, పాషెన్ అనుమానించారు. రెండు వరసలెందుకో 1926లో హైసెన్‌బర్గ్ క్వాంటం సిద్ధాంతంతో చెప్పాడు. పేరు చివరి "ఇయం" కూడా చూడండి, సోడియం, పొటాషియంలలా లోహాలకి తగిలించే తోక. 1871లో "హీలియం" అన్న మాటతో వాళ్ళ మనసులో ఉన్నదీ, ఇవాళ బెలూన్లలో నింపేదీ ఒకటేనా? ఇది అచ్చమైన తత్వ ప్రశ్న. చరిత్ర తెలియనివాడికి ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు.

ఇంతవరకూ చరిత్రకి తత్వం ఎందుకు కావాలో చెప్పాను. రెండో వైపు ఇంకా రసవత్తరం.

మీరు తత్వం ఒక్కటే చదువుతున్నారనుకోండి. మీ ముందు శుభ్రమైన ప్రశ్న ఉంది: తెలిసిన ఏ మూలకంతోనూ కలవని గీత కనిపిస్తే కొత్త మూలకం ఉందని నమ్మడం న్యాయమా? పుస్తకంలో ఉదాహరణ హీలియం. లాకియర్ నమ్మాడు, పాతికేళ్ళకి నిజమైంది. కాబట్టి ఈ తర్కం బలమైనదే అని రాసేసి పేజీ తిప్పేస్తారు.

ఇప్పుడు 1869 ఆగస్టు 7న అమెరికాలో కనిపించిన గ్రహణానికి వెళ్దాం. యంగ్, హార్క్‌నెస్ అనే ఇద్దరు సూర్యుడి కరోనాలో (గ్రహణం వేళ సూర్యుడి చుట్టూ కనిపించే వెలుగు వలయం) ఒక ఆకుపచ్చ గీత చూశారు. భూమ్మీద దేనితోనూ కలవలేదు. కొత్త మూలకం అన్నారు, కొరోనియం అని పేరు. మూలకాల ఆవర్తన పట్టిక వేసిన సాక్షాత్తు మెండలీఫే 1900 తర్వాతి సంవత్సరాల్లో హైడ్రోజన్ కన్నా తేలికైన మూలకంగా దానికి చోటు చూపించాడు. అంతకు ముందు, 1864లో, హగ్గిన్స్ నెబ్యులాల్లో (ఆకాశంలో మబ్బుల్లా కనిపించే వాయు రాశులు) కొన్ని ఆకుపచ్చ గీతలు చూశాడు. అవీ దేనితోనూ కలవలేదు. వాటి మూలకానికి నెబ్యులియం అని పేరొచ్చింది.

నెబ్యులియం లేదు. 1927లో బోవెన్ అవి రెండేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ గీతలని చూపించాడు. లాబులో ఎంత శూన్యం చేసినా రానంత పలచని వాయువులోనే అవి పుడతాయి. కొరోనియం కూడా లేదు. 1939 నుంచి 1940ల మొదటి సంవత్సరాల దాకా గ్రోట్రియన్, ఎడ్లెన్‌ల లెక్కల్లో అది పదమూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము అని తేలింది. మామూలు ఇనుము! కరోనా వేడి పది లక్షల డిగ్రీల పైమాట అని దాంతోనే ఖాయమైంది. వెక్కిరింత ఏమిటంటే, మొదట్లో యంగ్ ఆ గీతని, సూర్యుడి వర్ణపటానికి కిర్కాఫ్ వేసిన పటంలోని ఒక ఇనుము గీత దగ్గరే పెట్టాడు. ఇనుము మిగతా గీతలు కనిపించడం లేదు కాబట్టి ఇది ఇనుముది కాదన్నారు. ఆ తర్వాత కొలతలు సరిచేస్తే ఆ పోలిక అసలు తప్పేనని తేలింది. చివరికి వేరే దారిన ఇనుమే బయటపడింది.

ఒకే తర్కం మూడుసార్లు. ఒకసారి తగిలింది, రెండుసార్లు బెడిసింది. పాఠ్యపుస్తకం తగిలినదాన్ని ఉంచుకుని బెడిసినవాటిని పారేసింది. ఆ పుస్తకం మీద ఆధారపడి తత్వం చెప్పేవాడు, లాటరీ గెలిచినవాళ్ళ ఇళ్ళకి మాత్రమే వెళ్ళి టికెట్ కొనడం మంచిదా అని అడిగి వచ్చినవాడితో సమానం. ఇదే పని తిరగేసి చేసేవాళ్ళూ ఉన్నారు. ఫ్లొజిస్టన్, ఈథర్ (కాంతి ప్రయాణానికి కావాలని ఊహించిన మాధ్యమం), కొరోనియం అని పోయినవాటి జాబితా చదివి, ఇవాళ్టి ఎలక్ట్రానూ రేపు పోతుంది అనే పెద్దమనుషులు. వాళ్ళకీ హీలియం చూపించాలి.

"అయితే ముగ్గురివీ ఒకే సాక్ష్యం, లాకియర్‌ది అదృష్టం, అంతేనా?" అని మీరు అడగొచ్చు. ఇక్కడే చరిత్రని స్థూలంగా కాక సూక్ష్మంగా చదవాలి. సాక్ష్యం పూర్తిగా ఒకటి కాదు. హీలియం గీత రోజూ చూడగలిగేది, తీరిగ్గా కొలవగలిగేది, హైడ్రోజన్ గీతలతో కలిసే ఉండేది. దాన్ని హైడ్రోజన్‌తో పుట్టించాలని ప్రయత్నించి ఓడిపోయారు. కొరోనియం గీత గ్రహణానికో నిమిషం దొరికేది. దాని స్థానాన్ని 1898లో గానీ సరిగ్గా కొలవలేకపోయారు. కాబట్టి లాకియర్ కాస్త మెరుగైన నేల మీద నిలబడ్డాడు. కానీ ఫ్రాంక్‌లండ్ అభ్యంతరం అప్పటికి న్యాయమైనదే: లాబులో మనం చేయలేని పరిస్థితుల్లో తెలిసిన మూలకమే కొత్త గీతలు ఇవ్వొచ్చు. హీలియం విషయంలో ఆ మాట తప్పింది. కొరోనియం, నెబ్యులియం రెండింటిలోనూ అక్షరాలా నిజమైంది. ఓడిపోయిన వాదన మంచి వాదన కావచ్చని, గెలిచిన వాదన తొందరపాటు కావచ్చని నాకు ఈ ఒక్క ఉదాహరణ నేర్పినంతగా ఏ తర్కశాస్త్రమూ నేర్పలేదు.

ఇంకో మెలిక చెప్పకుండా ఉండలేను. 1870లలో ఈ లాకియరే, వేడి పెరిగే కొద్దీ మూలకాలు ఇంకా చిన్నవాటిగా విడిపోతాయని, అందుకే గీతలు మారతాయని ఒక సిద్ధాంతం తెచ్చాడు. రసాయనవేత్తలు ఎగతాళి చేశారు. అదే గనక నిజమైతే, గీత కొత్తదైతే మూలకం కొత్తదన్న ఆయన హీలియం తర్కం ఏమవుతుంది? తను కూర్చున్న కొమ్మని తనే నరుక్కున్నట్టే. ఆయన చెప్పినట్టు మూలకాలు విడిపోలేదు. అయితే వేడికి పరమాణువు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని గీతలు మార్చుకుంటుందని 1920లో మేఘనాద్ సాహా తన అయనీకరణ సమీకరణంతో లెక్కగట్టాడు. లాకియర్ గమనించిన గీతల మార్పుకి అర్థం అక్కడ దొరికింది. తప్పుడు సిద్ధాంతం సరైన చోట వేలు పెట్టింది. దీన్ని ఏ ఖాతాలో రాస్తారు, గెలుపా ఓటమా?

ఇక ఈ రెండు శాఖల కాపురం గురించి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో తత్వం వాళ్ళు చరిత్రని గుమ్మం బయటే నిలబెట్టారు. 1938లో రైకెన్‌బాక్ అనే తత్వవేత్త ఒక గీత గీశాడు: ఆలోచన ఎలా పుట్టిందన్నది వేరు, దాన్ని ఎలా సమర్థిస్తామన్నది వేరు, మొదటిది మనస్తత్వానికీ చరిత్రకీ వదిలేద్దాం, రెండోదే మన పని. పనికొచ్చే తేడాయే, నేనూ చివరిదాకా క్లాసులో చెప్పాను. కానీ పైన చూశారుగా, హీలియంని ఎలా సమర్థించాలన్నదే 1868లో ఒకటి, 1871లో ఒకటి, 1895లో ఒకటి. సమర్థనకీ చరిత్ర ఉంది. కూన్ పుస్తకం 1962లో వచ్చాక ఆ గీత చెరిగిపోయినంత పనైంది.

లాకటోష్ అనే హంగేరీ తత్వవేత్త, జర్మన్ తత్వవేత్త కాంట్ మాటని అనుకరిస్తూ, చరిత్ర లేని తత్వం బోలు, తత్వం లేని చరిత్ర గుడ్డి అన్నాడు. ఈ వాక్యాన్ని అందరూ ఎత్తి రాస్తారు. ఆయనే ఇచ్చిన ఇంకో సలహా మాత్రం మర్యాదగా దాటేస్తారు: శాస్త్రం ఎలా హేతుబద్ధంగా నడిచి ఉండాలో అలా పైన రాసి, నిజంగా ఎలా తప్పటడుగులు వేసిందో అడుగున పాదసూచికలో పెట్టమన్నాడు. ఇది చరిత్రే కాదు, తత్వం తనకి కావలసిన ఉదాహరణల్ని తనే తయారుచేసుకోవడం అని కూన్ తిరగబడ్డాడు. ఈ తగువులో నేను కూన్ పక్షమే. గుంటూరులో మేజర్ టెనంట్ "డి గీతే" అని రాసుకోవడాన్ని పాదసూచికలోకి తోస్తే కథలో అసలు పాఠమే పోతుంది. అయితే లాకటోష్‌ది పూర్తిగా వెర్రితనం కాదు. ఏది ముఖ్యమో ఎంచుకోకుండా ఎవరూ చరిత్ర రాయలేరు. కనీసం తాను ఎంచుకుంటున్నానని ఆయన పైకి చెప్పాడు.

వీటిని భార్యాభర్తలతో పోలుస్తుంటారు. నాకు వియ్యంకులనిపిస్తుంది. ఎవరిల్లు వాళ్ళదే, ఎవరి పద్ధతులు వాళ్ళవే. చరిత్రకారుడికి ఫలానా రోజు ఫలానా మనిషికి ఏం తెలుసన్నది కావాలి, తీర్పు అడిగితే మొహం తిప్పుకుంటాడు. తత్వం వాడికి తీర్పే కావాలి, తేదీలంటే చిరాకు. పండక్కి కలిస్తే ఒకరి మర్యాదలు ఒకరికి నచ్చవు. కానీ మధ్యలో ఒక పిల్ల ఉంది, ఆ పిల్ల కోసం రాకపోకలు తప్పవు.

మన దగ్గర ఈ రాకపోకలు తక్కువ. సైన్సు చరిత్ర అనగానే "మనవాళ్ళు ముందే కనిపెట్టారు" అనే పందెం మొదలవుతుంది, దానికి ఎదురుగా "ఏమీ లేదు, అంతా గొప్పలు" అనే ఇంకో పందెం. కేరళ గణితవేత్త సంగమగ్రామ మాధవుడి సంప్రదాయంలో π (పై) విలువకి అనంత శ్రేణి ఉంది, పదహారో శతాబ్దపు యుక్తిభాష అనే మలయాళ గ్రంథంలో దాని ఉపపత్తి (రుజువు) కూడా ఉంది. ఇంతవరకూ తగాదా లేదు. "అయితే కలన గణితం (కాల్క్యులస్) కేరళలో పుట్టిందా?" అనేది మాత్రం, శ్రేణులు ఉంటే చాలా, సాధారణ పద్ధతి ఉండాలా అని తేల్చుకుంటే తప్ప జవాబు లేని ప్రశ్న. రెండు వైపులా తాళపత్రాలు విసురుకుంటున్నారు గానీ ఈ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. గుంటూరు హీలియం దీనికి చిన్న తమ్ముడు. 2018లో నూట యాభై ఏళ్ళ సందర్భంగా ఎవరెవరు ఏమేం రాశారో చూడండి, నా పాత ప్రసంగమే కనిపిస్తుంది.

ఆ ఏడు మా పిల్లలు పోస్టరు వేద్దామన్నారు. "1868 ఆగస్టు 18న గుంటూరులో, మచిలీపట్నంలో కొందరు ఒక కొత్త పసుపు గీత చూసి, ఉప్పు అనుకున్నారు" అని రాయమన్నాను. ఇది చూసి ఎవరూ రారు సార్ అన్నారు. చివరికి ప్రశ్నార్థకం పెట్టి "హీలియం గుంటూరులో పుట్టిందా?" అని రాశారు. జనం వచ్చారు.

ఇక మీ అసలు సందేహం: ఒకటి చదివి రెండోది వదిలేయొచ్చా? ఉద్యోగం కోసమైతే వదిలేయొచ్చు, చాలామంది వదిలేశారు, మంచి పుస్తకాలూ రాశారు. మీ విషయంలో నా సలహా మాత్రం చరిత్రతో మొదలుపెట్టమని. ఎందుకంటే ఫిజిక్స్ చదివినవాళ్ళకి వాదించడం వచ్చు. తనకి జవాబు తెలిసిన ప్రశ్నని జవాబు తెలియనట్టు చదవడం రాదు. నాకూ రాలేదు, చాలాకాలం పట్టింది. టెనంట్ నివేదిక చదువుతుంటే "అది హీలియం రా నాయనా" అని అరవాలనిపిస్తుంది. ఆ అరుపు ఆపుకోవడమే మొదటి పాఠం.

కాబట్టి పెద్ద సిద్ధాంత గ్రంథాలు ఇప్పుడే కొనకండి. మీ ఎం.ఎస్సీ. సిలబస్‌లోంచి మీకు బాగా తెలిసిన ఒక ఫలితం తీసుకోండి. దాని గురించి మొదట అచ్చయిన నాలుగైదు పత్రాలు వెతకండి. ఫ్రెంచి అకాడమీ, రాయల్ సొసైటీ పాత సంపుటాలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, జాన్సెన్ ఉత్తరాలు నేనూ అలాగే చదివాను, పక్కన నిఘంటువు పెట్టుకుని. పత్రం చదువుతూ రెండు కాలమ్‌లు రాయండి: రాసినవాడికి ఆ రోజు ఏం తెలుసు, నాకు ఇవాళ ఏం తెలుసు. రెండో కాలమ్‌లోని మాట మొదటి కాలమ్‌లోకి జారిన ప్రతిచోటా ఎర్ర సిరా పెట్టండి. కాగితం ఎర్రబడిన చోట్లే మీ తత్వ ప్రశ్నలు ఉంటాయి. వాటిని పట్టుకుని అప్పుడు కూన్ దగ్గరికి, లాకటోష్ దగ్గరికి వెళ్ళండి. ఏ ఫలితం తీసుకోవాలో తోచకపోతే హిల్లెబ్రాండ్ చాలు: చేతిలో హీలియం ఉంది, కంటి ముందు తెలియని గీతలున్నాయి, అయినా నైట్రోజన్ అని రాసుకున్నాడు. ఆయన తప్పు చేశాడా లేదా అని రెండు పేజీలు రాసి ఇక్కడే పెట్టండి, నేను చదువుతాను.